లా చదువు వదిలి వేదికెక్కిన టోమా కరాజు

స్కూల్ యానివర్సరీలో స్కిట్ వేసి హాలంతా నవ్వించిన పిల్లాడిని చూసి మనం చప్పట్లు కొడతాం. ఫోన్‌లో వీడియో తీసి బంధువులందరికీ పంపుతాం. మర్నాడు ఉదయం అదే పిల్లాడిని కూర్చోబెట్టి, ఇక ఆటలు చాలు, చదువు సంగతి చూసుకోమంటాం. రెండూ ప్రేమతో చేసేవే. అయితే నవ్వించడం కూడా ఒక చదువేనని, దానికీ ఏళ్ల తరబడి సాధన కావాలని చాలామందికి తోచదు. ఆ చదువును చివరిదాకా చదివిన ఒక రుమేనియా నటుడిని ఈ నెల పరిచయం చేసుకుందాం. పేరు టోమా కరాజు. ఆయన చనిపోయి దాదాపు యాభై ఏళ్లు కావస్తున్నా, రుమేనియాలో ఆ పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్ల ముఖాల్లో నవ్వు కనిపిస్తుంది.

ఊరు మారిన కుటుంబం

కరాజు 1925 ఆగస్టు 21న ఉత్తర గ్రీస్‌లోని హ్రుపిష్టా అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ఊరిని ఇప్పుడు ఆర్గోస్ ఒరెస్టికో అంటారు. తల్లిదండ్రులు అరోమేనియన్లు. బాల్కన్ కొండల్లో గొర్రెల పెంపకం, వర్తకం మీద తరతరాలుగా బతికిన చిన్న సమూహం అది. వాళ్ల భాష రుమేనియన్‌కు దగ్గరి చుట్టం. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. 1920ల నుంచి వేలాది అరోమేనియన్ కుటుంబాలు మంచి బతుకు వెతుక్కుంటూ రుమేనియాకు తరలివెళ్లాయి. కరాజు కుటుంబం కూడా అలాగే వెళ్లింది. మొదట అప్పటికి రుమేనియాలో భాగంగా ఉన్న దక్షిణ దొబ్రుజాలో ఉండి, తర్వాత ప్లొయెష్ట్ నగరానికి చేరుకుంది.

ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. టోమా పెద్దవాడు. చెల్లెలు మతిల్దా భాషాశాస్త్రం చదివి, ఇంట్లో మాట్లాడే అరోమేనియన్ భాష మీదే జీవితమంతా పనిచేశారు. ఆ భాషకు నిఘంటువు రాశారు, రుమేనియన్ అకాడమీ సభ్యురాలయ్యారు. చిన్న చెల్లెలు జెతా శిల్పి అయ్యారు. సొంత ఊరు వదిలి, కొత్త దేశంలో మొదటి నుంచి మొదలుపెట్టిన ఒక మామూలు ఇంట్లోంచి ఒక నటుడు, ఒక భాషా పండితురాలు, ఒక శిల్పి వచ్చారు. ముగ్గురూ మూడు దారులు పట్టారు. ఒకరి దారి మరొకరికి కొలమానం కాలేదు.

యుద్ధం మధ్యలో బడి

ప్లొయెష్ట్ చమురు శుద్ధి కర్మాగారాల నగరం. బుకారెస్ట్‌కు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఇంధనం అందించిన ముఖ్యమైన చోటు కాబట్టి మిత్రరాజ్యాల విమానాలు దాన్నే గురిపెట్టాయి. 1943 ఆగస్టు 1న జరిగిన పెద్ద వైమానిక దాడి నాటికి టోమాకు ఇంకా 18 ఏళ్లు నిండలేదు. 1944లోనూ బాంబులు పడుతూనే ఉన్నాయి.

ఆ రోజుల్లో టోమా చదివింది సెయింట్ పీటర్, సెయింట్ పాల్ పేరు మీద ఉన్న ఉన్నత పాఠశాలలో. నాటకం రుచి తెలిసింది అక్కడే. ఆ నగరానికి మరో గొప్ప పేరు కూడా ఉంది. రుమేనియా హాస్య నాటకాలకు పితామహుడనదగ్గ రచయిత ఇయోన్ లూకా కరాజాలే ఆ చుట్టుపక్కల పల్లెలో పుట్టి, ప్లొయెష్ట్‌లో చదువుకున్నవాడే. కరాజాలే, కరాజు: పేర్లు దగ్గరగా ఉన్నా చుట్టరికం లేదు. కానీ పెద్దయ్యాక కరాజు ఆ రచయిత పాత్రలకు ప్రాణం పోసిన నటుల్లో ముందు వరసలో నిలిచారు.

లా నుంచి నాటకానికి

బడి చదువు అయ్యాక టోమా లా కోర్సులో చేరారు. యుద్ధంతో చితికిపోయిన దేశంలో, వలస వచ్చిన కుటుంబానికి లాయరు కొడుకు అంటే ఎంత భరోసానో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆయన ఆ చదువు మధ్యలోనే ఆపేసి, బుకారెస్ట్‌లోని నటనా విద్యాలయంలో చేరారు. నాటక రచయిత, దర్శకుడు విక్తర్ ఇయోన్ పొపా అక్కడ ఆయనకు గురువు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన చదువు మానేయలేదు, ఒక చదువు నుంచి మరో చదువుకు మారారు. గొంతు, ఉచ్చారణ, శరీరాన్ని అదుపులో పెట్టుకోవడం, నాటకాన్ని లోతుగా చదవడం, ఇవన్నీ పద్ధతిగా నేర్చుకున్నారు. 1948లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, వేదిక మీద చిన్న పాత్రతో మొదలుపెట్టారు. 1949లో పట్టా తీసుకున్నారు. ఆ తర్వాత వెంటనే పేరు రాలేదు. కొంతకాలం నల్ల సముద్రం ఒడ్డున ఉన్న కొన్‌స్టాంట్సా రేవు పట్టణంలోని నాటకశాలలో పనిచేశారు.

పన్నెండేళ్ల ప్లొయెష్ట్

1953లో, సుమారు 28 ఏళ్ల వయసులో, కరాజు తాను పెరిగిన ప్లొయెష్ట్‌లో ప్రభుత్వ నాటకశాలకు డైరెక్టర్ అయ్యారు. 1965 వరకు, అంటే 12 ఏళ్లు, ఆ బాధ్యతలోనే ఉన్నారు. నాటకశాల డైరెక్టర్ అంటే ఏ నాటకాలు వేయాలో నిర్ణయించడం, నటులను సమకూర్చడం, డబ్బు లెక్కలు చూడటం, పై అధికారులతో నెగ్గుకురావడం. ఇవన్నీ చేస్తూనే ఆయన ముప్ఫైకి పైగా పాత్రలు వేశారు.

ఆ పన్నెండేళ్లలో దేశం మొత్తానికి ఆయన పేరు తెలియదు. కానీ అసలు పాఠశాల అదే. రాజధానిలో అయితే యువ నటుడికి ఏడాదికి ఒకటో రెండో చిన్న పాత్రలు దొరికేవేమో. చిన్న నగరంలో ఈ నెల ముసలివాడి వేషం, వచ్చే నెల మోసగాడు, ఆ తర్వాత విషాద నాయకుడు. హాల్లో కూర్చునేది కర్మాగారాల్లో పనిచేసి అలసి వచ్చినవాళ్లు. వాళ్లకు నచ్చకపోతే ఆ సంగతి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఒక నవ్వుకు ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ముఖంలో ఎంత తక్కువ చూపిస్తే అంత ఎక్కువ పండుతుంది అనేవి పుస్తకంలో దొరకవు. రోజూ వేదికెక్కితేనే తెలుస్తాయి.

బులాంద్రా, ఒక నిషేధం

1965లో బుకారెస్ట్‌లోని బులాంద్రా థియేటర్ నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది దాని డైరెక్టర్ లివియు చూలె. చూలె నటుడు, దర్శకుడు, పైగా ఆర్కిటెక్చర్ చదివినవారు. అదే ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి పొందారు. రుమేనియాలో కొత్త ఆలోచనలున్న నటులు, దర్శకులు అప్పట్లో బులాంద్రాలోనే పోగయ్యారు. నలభై ఏళ్ల వయసులో కరాజు అక్కడ అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వెనుక పదిహేడేళ్ల వేదిక అనుభవం ఉంది.

1971లో దేశాధినేత నికొలాయె చౌషెస్కు చైనా, ఉత్తర కొరియా పర్యటన నుంచి తిరిగొచ్చి, కళలు, సాహిత్యం మీద పార్టీ పట్టు బిగించారు. మరుసటి ఏడాది బులాంద్రాలో రష్యన్ రచయిత గొగోల్ నాటకం ఇన్‌స్పెక్టర్ జనరల్ వేశారు. దర్శకుడు లూచియన్ పింతిలియె. లంచగొండి అధికారులతో నిండిన చిన్న పట్టణం, పై నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడన్న భయంతో ఒక పనికిమాలిన కుర్రాడిని ఆ అధికారి అనుకుని నెత్తిన పెట్టుకోవడం, ఇదీ కథ. ఆ పట్టణ మేయర్ పాత్ర కరాజుది. నాటకం చివర్లో ఆ మేయర్ ప్రేక్షకుల వైపు తిరిగి వాళ్ల నవ్వునే నిలదీస్తాడు.

రాసి నూట ముప్ఫై ఏళ్లు దాటిన పరాయి దేశపు నాటకమైనా, ఎవరిని ఉద్దేశించి వేస్తున్నారో హాల్లో ఉన్న ప్రతివాళ్లకూ అర్థమైంది. అధికారులకూ అర్థమైంది. మూడు ప్రదర్శనలు కాగానే నిషేధించారు. చూలె తన పదవి పోగొట్టుకున్నారు. తర్వాతి ఏళ్లలో చూలె, పింతిలియె ఇద్దరూ ఎక్కువగా విదేశాల్లోనే పనిచేయాల్సి వచ్చింది. కరాజు దేశంలోనే ఉండి, నటిస్తూనే ఉన్నారు.

టీవీలో ఐదు నిమిషాలు

సామాన్య జనానికి కరాజు దగ్గరైంది టెలివిజన్ ద్వారా. వినోద కార్యక్రమాల్లో, ముఖ్యంగా కొత్త సంవత్సరం రాత్రి ప్రసారాల్లో, ఆయన ఒక్కరే కెమెరా ముందు నిలబడి చెప్పే హాస్య సంభాషణల కోసం ఇళ్లల్లో అందరూ టీవీ ముందు చేరేవారు. రాసిన ప్రతి మాటా సెన్సార్ చూసి అనుమతించాకే ప్రసారమయ్యేది. కానీ మాటకూ మాటకూ మధ్య వదిలిన మౌనాన్ని, ఎత్తిన కనుబొమను, సగంలో మింగేసిన వాక్యాన్ని ఏ సెన్సార్ కత్తిరించగలదు? ప్లొయెష్ట్‌లో నేర్చిన విద్య అక్కడ అక్కరకొచ్చింది.

సినిమాల్లోనూ ఆయనకు మంచి పేరు వచ్చింది. 1975లో వచ్చిన నటుడు, అనాగరికులు అనే అర్థమున్న పేరు గల చిత్రంలో ఆయన వేసింది ఒక హాస్యనటుడి పాత్ర. ఫాసిస్టు మూకలను వేదిక మీద ఎగతాళి చేసినందుకు బెదిరింపులు ఎదుర్కొన్న నటుడి కథ అది. రుమేనియా ప్రఖ్యాత హాస్యనటుడు కొన్‌స్టాంతిన్ తనాసె జీవితం ఆ పాత్రకు ఆధారం. నవ్వించేవాడు ఎంత ధైర్యంగా ఉండాలో చెప్పిన ఆ పాత్రను ఆయన ఉత్తమ సినిమా పాత్రల్లో ఒకటిగా చాలామంది చెబుతారు.

ఆ శుక్రవారం రాత్రి

1977 మార్చి 4, శుక్రవారం. రాత్రి 9 గంటల 22 నిమిషాలకు రుమేనియాను పెద్ద భూకంపం కుదిపేసింది. కంపించింది ఒక్క నిమిషం లోపే. దేశంలో 1,500 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలా ఎక్కువమంది బుకారెస్ట్‌లోనే. రాజధాని నడిబొడ్డున యుద్ధానికి ముందు కట్టిన ఎత్తైన భవనాలు అనేకం కుప్పకూలాయి. అలా కూలిన ఒక భవనంలోనే కరాజు ఉండేవారు. ఆ రాత్రి ఆయనతో పాటు టీవీ దర్శకుడు అలెగ్జాండ్రు బొకనెట్స్ ఉన్నారు. ఇద్దరూ శిథిలాల్లోనే ప్రాణాలు వదిలారు. కరాజుకు అప్పటికి 51 ఏళ్లు.

బుకారెస్ట్‌లోని బెల్లు శ్మశానంలో ఆయన సమాధి ఉంది. తర్వాత బులాంద్రా థియేటర్‌లోని ఒక హాలుకు ఆయన పేరు పెట్టారు. తన జీవితంలో పన్నెండేళ్లు ఇచ్చిన ప్లొయెష్ట్ నాటకశాలకు కూడా ఇప్పుడు ఆయన పేరే.

తల్లిదండ్రులుగా మనకు

కరాజు లా వదిలేశారు కాబట్టి మన పిల్లలూ వదిలేయాలని ఈ కథ చెప్పదు. నటననే నమ్ముకుని పేరు రాకుండా మిగిలిపోయినవాళ్లు ప్రతి దేశంలో వేలమంది ఉంటారు. ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పడం కూడా మన బాధ్యతే.

అయితే ఆయన జీవితంలో గమనించదగ్గ లెక్క ఒకటి ఉంది. తొలి చిన్న పాత్రకూ, బులాంద్రాలో అడుగుకూ మధ్య పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లూ వృథా కాలేదు. రోజూ పని చేశారు, రోజూ నేర్చుకున్నారు. మన పిల్లల్లో ఎవరికైనా నాటకం, సంగీతం, బొమ్మలు గీయడం మీద నిజమైన ఇష్టం కనిపిస్తే, అది సరదానా లేక సాధనకు సిద్ధమైన ఇష్టమా అన్నది ఒక్క బహుమతితో తేలదు. ఎవరూ చప్పట్లు కొట్టని రోజున కూడా వాళ్లంతట వాళ్లే కూర్చుని ఆ పని చేస్తున్నారా అన్నది చూడాలి. చేస్తుంటే, వారానికి కొన్ని గంటలు ఆ పనికీ ఇంట్లో చోటివ్వండి. మంచి గురువును చూడండి. మిగతా చదువుతో పాటు దాన్నీ చదువుగానే లెక్కించండి.

ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురినీ ఒకే తక్కెడలో తూచకపోవడం మరో సంగతి. కరాజు ఇంట్లో ఒకరు వేదిక మీద, ఒకరు నిఘంటువులో, ఒకరు రాతిలో తమ పని వెతుక్కున్నారు. అన్నను చూసి చెల్లెళ్లు నటులు కావాలని ప్రయత్నించి ఉంటే, అరోమేనియన్ భాషకు ఒక నిఘంటువు తక్కువయ్యేది.