వాయించడం రాని వాద్యశిల్పి లియో ఫెండర్

వీణకు శ్రుతి చేసేవారిని చూచినవారికి బిరడ అనే మాట కొత్త కాదు. తీగను బిగించడానికీ, వదులు చేయడానికీ త్రిప్పే మరయే బిరడ. వీణలో వాయించే నాలుగు తీగలకు బిరడలు ఇరువైపులా రెండేసి చొప్పున అమరి ఉంటాయి. ఆరు తీగల గిటారుకు సైతం తలభాగంలో ఇటు మూడు, అటు మూడు బిరడలుండడం చిరకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి. ఆ ఆరింటినీ ఒకే వైపున వరుసగా నిలిపి, ఆ ఒంటిపక్క తలను ప్రపంచమంతటా ప్రసిద్ధం చేసిన అమెరికా దేశీయుడు లియో ఫెండర్. విశేషమేమనగా, ఆయనకు గిటారు వాయించడం రాదు.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫుల్లర్టన్, అనాహైమ్ పట్టణాల సమీపాన జన్మించారు. తల్లిదండ్రులది నారింజతోటల సేద్యం. ఎనిమిదేళ్ల వయస్సులో కణితి కారణంగా ఎడమ కన్ను పోయింది. దాని స్థానంలో గాజు కన్ను అమర్చారు. మోటారు వాహనాల విద్యుత్ పనులు చేసే మేనమామ వరుసవారొకరు పంపిన విడిభాగాలు, ఆయన దుకాణంలో చూచిన రేడియో ఆ బాలుని మనస్సును ఆకర్షించాయి. అయితే కళాశాలలో చదివినది గణకశాస్త్రం. విద్యుత్ విద్యను స్వయంకృషితోనే అభ్యసించారు.

1934లో ఎస్తర్‌ను వివాహమాడారు. అవి అమెరికాలో ఆర్థిక మాంద్యం ప్రబలిన రోజులు. లెక్కలు వ్రాసే ఉద్యోగం ఊడిపోయింది. 1938లో ఆరు వందల డాలర్లు అప్పు చేసి, ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచారు. చుట్టుప్రక్కల వాద్యకారులు చెడిపోయిన ధ్వనివర్ధకాలను, గిటార్లను అక్కడికే తెచ్చేవారు. ఒకే లోపం పలువురి వాద్యాలలో కనిపిస్తుంటే, దానిని మరమ్మతు చేయడం కన్న ఆ లోపం లేని వాద్యాన్ని తయారుచేయడమే మేలన్న ఆలోచన ఆయనలో బలపడింది. డాక్ కాఫ్‌మన్ అనే వాద్యకారునితో కలిసి 1940 దశకం మధ్యలో ఒడిలో ఉంచుకొని వాయించే విద్యుత్ గిటార్లు తయారుచేశారు. 1946లో సొంత సంస్థను నెలకొల్పారు.

ఆనాటి గిటార్లకు సాధారణంగా లోపల బోలుగా ఉండే పెట్టె ఉండేది. విద్యుత్ ద్వారా ధ్వని పెంచినప్పుడు ఆ పెట్టె కంపించి, ఊళపెట్టినట్లు అపశ్రుతి పుట్టేది. ఫెండర్ బోలు లేని గట్టి చెక్కపలకతో గిటారు చేశారు. తీగ కదలికను అయస్కాంతం, రాగి చుట్ట కలిసి విద్యుత్ సంకేతంగా మారుస్తాయి గనుక పెట్టెతో పని లేదు. మన పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీత కచేరీలలో వాయించిన విద్యుత్ మాండొలిన్ కూడా ఈ సూత్రం మీద పనిచేసినదే.

1950లో వెలువడిన ఈ గిటారుకు మొదట బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. గ్రెట్ష్ అనే సంస్థ తన డ్రమ్ములకు ఇంచుమించు అదే పేరు వాడుతున్నందున 1951లో టెలికాస్టర్‌గా మార్చారు. దాని తలభాగంలోనే ఆరు బిరడలూ ఒకే వైపున నిలిచాయి. ఇది వింత కోసం చేసిన పని కాదు. బిరడలు ఇరువైపులా ఉన్నప్పుడు, తీగలు మెడ చివర నుండే చిన్న అడ్డుపట్టీని దాటగానే ప్రక్కకు వంగి పోవలసి వస్తుంది. వాద్యకారుడు తీగను లాగి వదిలినప్పుడు అది ఆ వంపు వద్ద పట్టుకొని, పూర్వస్థితికి సరిగా చేరక శ్రుతి తప్పే అవకాశం ఉంది. బిరడలు ఒకే వరుసలో వాలుగా ఉంటే ఒక్కొక్క తీగ తన బిరడకు తిన్నగా పోతుంది. పైగా అన్నీ ఒకే చేతికి అందుతాయి. చూపునకు తల వంకర, తీగకు దారి తిన్నన.

ఈ అమరికకు ఫెండర్ ఆద్యుడు కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలోనే వియన్నా నగరవాసి స్టాఫర్ అటువంటి గిటార్లు చేశారు. 1948లో కాలిఫోర్నియాలోనే పాల్ బిగ్స్‌బీ, గాయకుడు మెర్ల్ ట్రావిస్ కోసం ఆ రీతి తలతో ఒక గిటారు నిర్మించారు. తనకు క్రొయేషియా జానపద వాద్యాలు ప్రేరణ అని ఫెండర్ చెప్పుకున్నారు. ఎవరి ప్రేరణ ఎంత అన్న వాదం ఎలా ఉన్నా, ఆ అమరికను కర్మాగారంలో వేలకొలదిగా తయారుచేసి సామాన్య వాద్యకారులకు అందించిన ఘనత ఆయనదే.

తనకు వాయించడం రాదు కనుక, వాయించేవారి మాటయే ఆయనకు ప్రమాణం. నమూనాలను వారి చేతికిచ్చి, వారు చెప్పిన లోపాలను సవరించేవారు. పలక అంచులు ఒంటికి గుచ్చుకొంటున్నాయని బిల్ కార్సన్ వంటివారు మొరపెట్టుకోగా, 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లో ఆ అంచులను ఒంపుగా చెక్కించారు. ఆ రూపకల్పనలో హవాయి వాద్యకారుడు ఫ్రెడ్డీ టవారెస్ తోడ్పడ్డారు. అంతకు ముందు 1951లోనే, మనిషెత్తు మంద్రవాద్యాన్ని మోయలేనివారికై భుజాన తగిలించుకొనే ప్రెసిషన్ బేస్ గిటారును అందించారు.

కీర్తి పెరిగినకొలదీ ఆరోగ్యం క్షీణించింది. ఏళ్ల తరబడి పీడించిన వ్యాధితో, ఇక తాను కోలుకోనేమోనని తలచి, 1965లో సంస్థను సి.బి.ఎస్. కంపెనీకి కోటీ ముప్పై లక్షల డాలర్లకు విక్రయించారు. సంస్థతో పాటు పేరూ పోయింది. పదేళ్లపాటు పోటీకి దిగరాదన్న నిబంధనకు ఆయన లోబడవలసి వచ్చింది. విక్రయానంతరం వేరొక వైద్యుని చికిత్సతో ఆ వ్యాధి నయమైంది! ఒంటికి ఆరోగ్యం తిరిగి వచ్చింది గాని, తన పేరు తనది కాకుండా పోయింది. గిటారు తల మీద ఫెండర్ అని వ్రాసుకొనే హక్కు ఫెండర్‌కే లేదు.

ఆయన విశ్రాంతి తీసుకోలేదు. 1975లో మ్యూజిక్ మ్యాన్ సంస్థకు అధ్యక్షులయ్యారు. 1976లో వచ్చిన స్టింగ్‌రే బేస్‌కు బిరడలను ఒక వైపు మూడు, మరొక వైపు ఒకటి చొప్పున అమర్చారు. అరవై యేళ్లు దాటిన వయస్సులోనూ, లోకం మెచ్చిన తన పాత అమరికనే పట్టుకొని కూర్చోలేదన్నమాట. 1984లో ఆ సంస్థను కొన్న ఎర్నీ బాల్ సంస్థ ఈ అసమాన రీతిని ఆరు తీగల గిటారుకూ విస్తరించి, నాలుగు రెండు చొప్పున బిరడలు నిలిపింది. ఫెండర్ మాత్రం అప్పటికే పాత సహచరుడు జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ సంస్థను స్థాపించి ఉన్నారు. పేరులోని రెండక్షరాలు జార్జి, లియోలవి. పూర్తి పేరు అమ్ముడైనా మొదటి అక్షరం మిగిలింది.

1979లో ఎస్తర్ మరణించారు. మరుసటి ఏడు ఫిలిస్‌ను వివాహమాడారు. పార్కిన్‌సన్ వ్యాధి సోకినా చివరి రోజుల వరకు పనిశాలకు పోతూనే ఉన్నారు. 1991 మార్చి 21న ఫుల్లర్టన్‌లో కన్నుమూశారు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను స్మరించి గౌరవించింది.

ఒక కన్ను లేదు, గిటారు వాయించడం రాదు, ఉద్యోగం పోయింది, కడకు పేరు కూడా చేజారింది. అయినా వాయించేవారి ఇబ్బందిని శ్రద్ధగా వినే గుణం మాత్రం ఆయనను వీడలేదు. మన పిల్లలలో పాట రానివారు, పాఠం కన్న పనిముట్ల మీద మక్కువ గలవారు ఎందరో ఉన్నారు. విరిగిన రేడియోను విప్పి కూర్చున్న బిడ్డను మందలించే ముందు, ఫుల్లర్టన్‌లోని ఆ చిన్న దుకాణాన్ని పెద్దలు ఒక్కసారి తలచుకోవడం మంచిది.