క్లెరో మహాశయుని క్షేత్రగణితము

క్షేత్రమనగా పొలము. క్షేత్రగణితమనగా పొలములను కొలుచు విద్య. గ్రీకులు ఈ శాస్త్రమునకు పెట్టిన పేరునకు గూడ అర్థము భూమిని కొలుచుటయే. పేరులో నిలిచిన ఈ పొలము పాఠములో మాత్రము చిరకాలము కనిపించలేదు. బిందువనగానేమి, రేఖయనగానేమి అను నిర్వచనములతో మొదలుపెట్టి, కంటికి స్పష్టముగా కనబడు విషయమును గూడ సిద్ధాంతముగా నిరూపించి, విద్యార్థి అలసిపోయిన పిమ్మటగాని దాని ప్రయోజనమును చెప్పెడివారు కారు. బాలవ్యాకరణములోని సంజ్ఞా పరిచ్ఛేదమును వల్లె వేయించి ఆ మీదట భాష నేర్పబూనుటవంటిది ఇది. తెలుగు పాఠము చెప్పుకొను నావంటివానికి ఆ కష్టము వేరుగా చెప్పనక్కరలేదు. ఈ వరుసను తలక్రిందులు చేయ సాహసించినవాడు ఫ్రెంచి గణితవేత్త అలెక్సీ క్లెరో. డిగ్రీ తరగతులలో గణితము చదివినవారికి క్లెరో సమీకరణము పరిచితమే. ఆ మహాపండితుడే ప్రారంభకుల కొరకు చిన్న పుస్తకమొకటి వ్రాసినాడని వారిలో ఎందరెరుగుదురో!

క్లెరో 1713 మే నెలలో ప్యారిస్ నగరమున జన్మించినాడు. తండ్రి గణితోపాధ్యాయుడు. ఇరువది మంది సంతానములో ఇతడొకడు. కుమారునికి చదువ నేర్పుటకు తండ్రి ఎన్నుకొన్న పుస్తకము యూక్లిడ్ గ్రంథము! ఆ బాలుడు 1726లో, సుమారు పదుమూడేండ్ల ప్రాయమున, నాలుగు వక్రరేఖలను గూర్చి ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఎదుట వ్యాసము చదివినాడు. 1731లో అచ్చైన అతని గ్రంథము సమతలమున ఇమడని వక్రరేఖలను గూర్చినది. తీగవలె మెలితిరిగి గాలిలో నిలిచిన రేఖను పట్టుకొనుట ఎట్లు? దాని నీడ గోడమీద నొకటి, నేలమీద నొకటి పడినట్లు భావించి, ఆ రెండు నీడలనుండి అసలు రేఖ స్వరూపమును గ్రహించుట అతని మార్గము. ఆ యేడే పరిషత్తు వయోనియమమును సడలించి, పదునెనిమిదేండ్ల ఆ యువకుని సభ్యునిగా చేర్చుకొన్నది.

భూగోళము ధ్రువములవద్ద అణగియున్నదా, సాగియున్నదా అను వివాదము ఆనాడు పండితులను రెండు పక్షములుగా చీల్చినది. దానిని తేల్చుటకై మోపెర్ట్యుయీ నాయకత్వమున 1736లో లాప్లండునకు వెళ్ళిన బృందములో క్లెరో ఒకడు. కొండ శిఖరములపై గురుతులు నిలిపి, ఒక శిఖరమునుండి మరియొకదానికి చూపు సారించి, కోణములు కొలిచి, త్రిభుజముల గొలుసును అల్లినారు. చలికాలమున గడ్డకట్టిన టోర్నె నదిపై సుమారు 14 కిలోమీటర్ల ఆధారరేఖను కొయ్యబద్దలతో కొలిచినారు. భూమి ధ్రువములవద్ద అణగియున్నదని తేలినది.

లాప్లండునుండి తిరిగివచ్చిన నాలుగేండ్లకు, 1741లో, క్లెరో క్షేత్రగణిత ప్రథమ పాఠముల గ్రంథము వెలువడినది. దాని మొదటి భాగము నేలను కొలుచుటతోనే ఆరంభమగును. ఈ శాస్త్రమును మొట్టమొదట కనుగొన్నవారు గూడ ఒకనాడు ప్రారంభకులే. కావున వారు నడిచిన త్రోవ నేటి ప్రారంభకునికిని సుగమమే కావలెనని అతని తర్కము. దూరము కొలువవలెను, అందుకు రేఖ కావలెను; పొలము వైశాల్యము తెలియవలెను, అందుకు దీర్ఘచతురస్రము కావలెను. అవసరము ముందు, నిర్వచనము వెనుక.

త్రిభుజములోని మూడు కోణముల మొత్తమును అతడు బోధించిన తీరు చూడుడు. పొలములో మూడు కోణములను కొలిచినవానికి తన కొలత సరియైనదో కాదో అను సందేహము కలుగును. దానిని పరీక్షించుట ఎట్లు? భూమిని స్థిరముగా నుంచి, ఒక భుజమును దాని మొదటియొద్ద మెల్లగా వెలుపలికి త్రిప్పినచో అక్కడి కోణము పెరుగును. శిఖరమునందలి కోణము తగ్గును. ఒకటి పెరిగినంత రెండవది తగ్గుచున్నదేమో, మొత్తము మారుట లేదేమో అను ఊహ విద్యార్థికి తనంతట తానే తట్టును. ఉపపత్తి అటుపిమ్మట వచ్చును. అప్పటికి దానిని కోరువాడు విద్యార్థియే!

సమానమైన రెండు చతురస్రములను ఒకే చతురస్రముగా చేయుట మరియొక సమస్య. రెంటిని కర్ణములవెంబడి కోసిన నాలుగు త్రిభుజములు వచ్చును. వానిని తగినట్లు కూర్చిన పెద్ద చతురస్రము సిద్ధమగును. చతురస్రములు అసమానములైనచో? రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి, క్రింది అంచున ఎడమకొననుండి చిన్నదాని భుజమంత దూరమున బిందువొకటి గుర్తించి, పెద్దదాని ఎడమ పైమూలకు, చిన్నదాని కుడి పైమూలకు అచటినుండి రేఖలు గీయవలెను. ఆ రేఖలవెంబడి కోసి, వచ్చిన రెండు త్రిభుజములను పైకి త్రిప్పి అమర్చినచో ఒకే చతురస్రమేర్పడును. పైథాగరస్ సిద్ధాంతము ఇదియే. కాగితము, కత్తెర ఉన్న ఏడవ తరగతి పిల్లలు దీనిని చేసి చూడవచ్చును. ఘనరూపముల కొలతలు గ్రంథాంతమున, నాలుగవ భాగమున నున్నవి.

ఈ పద్ధతికి ఆక్షేపణ లేకపోలేదు. కంటికి తోచినదానిని నమ్మ నేర్చినవాడు ఉపపత్తి విలువను ఎప్పుడు నేర్చును? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కన్ను మోసపోవుటయు కలదు. మొండివాదులైన కుతార్కికులను ఒప్పించుటకై యూక్లిడ్ స్పష్టమైనదానిని గూడ నిరూపించవలసివచ్చినదని, బాలునితో ఆ వాదము పనిలేదని క్లెరో సమాధానము. నా మట్టుకు ఇది సగమే సమాధానము. పండ్రెండేండ్ల వానికి క్లెరో, పదునైదేండ్ల వానికి యూక్లిడ్ అనినచో ఇరువురికిని న్యాయము జరుగును. యూక్లిడ్‌తో అక్షరములు నేర్చిన మేధావి, అట్లు నేర్వజాలనివారి పక్షమున నిలిచుట మాత్రము నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును.

ఆపై అతడు 1743లో భూమి ఆకారమును గూర్చియు, 1746లో బీజగణితమును గూర్చియు గ్రంథములు ప్రకటించినాడు. న్యూటన్ మహాగ్రంథమును ఫ్రెంచిలోనికి అనువదించిన షాత్లే ప్రభ్విణికి తోడ్పడినాడు. లలాండ్ పండితుడును, నికోల్ రేన్ లెపోత్ అను విదుషియు లెక్కలలో సాయపడగా, హేలీ తోకచుక్క 1759 ఏప్రిల్ నడుమ సూర్యునికి అతి చేరువగునని ముందే ప్రకటించినాడు. అది ఒక నెల ముందుగా, మార్చి 13న వచ్చినది. 1765 మే 17న క్లెరో మరణించినాడు, వయస్సు ఏబదిరెండేండ్లు.

1794లో లెజాండ్ర్ వ్రాసిన క్షేత్రగణితము పాఠశాలలను మరల యూక్లిడ్ వైపునకు మరల్చినది. అయినను క్లెరో పుస్తకము మరుగున పడలేదు. 1920లో ప్యారిస్‌లో అది మరల అచ్చైనది.