కరవులో కాలువ తవ్వించిన ఒంగోలు క్లౌ దొర

ఒంగోలులో పెద్దవాళ్ళను అడిగితే ప్రార్థన కొండను చూపిస్తారు. కొండంటే పెద్ద కొండేమీ కాదు. పది నిమిషాల్లో ఎక్కి దిగవచ్చు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకముందే అయిదుగురు మనుషులు ఆ కొండ ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన జూయెట్ దొర, ఆయన భార్య, వారితోపాటు నర్సు, రూతు, జూలియా అనే ముగ్గురు తెలుగు క్రైస్తవులు. చలిలో మోకరించి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని దేవుణ్ణి అడిగారు. అప్పటికి అమెరికా బాప్టిస్టు మిషనుకు తెలుగుదేశంలో ఉన్నది నెల్లూరు ఒక్కటే. ఖర్చేగాని ఫలితం లేదు, మూసివేద్దామని అంతకు ముందు ఏడాదే అమెరికాలో పెద్దలు ఆలోచన చేశారు.

ఆ అయిదుగురు ఎవరికోసం అడిగారో ఆ మనిషికి అప్పుడు పదిహేడేళ్ళు. దేవుడి ధ్యాసే లేదు. అమెరికాలో భూములు కొలిచే సర్వే పార్టీల వెంట అడవులు పట్టి తిరిగే వయస్సు. పేరు జాన్ ఎవరెట్ క్లౌ.

గది మధ్య సుద్దగీత

క్లౌ 1836 జూలై 16న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టాడు. తరువాత ఆ కుటుంబం పడమటి దిక్కుకు పోయి అయోవా రాష్ట్రంలో సేద్యం పెట్టుకుంది. కుర్రవాడు గట్టివాడు. ఎండకూ మంచుకూ ఓర్చి సర్వే పని నేర్చుకున్నాడు. లాయరు కావాలని కోరిక. నాలుగు డబ్బులు చేతిలో పడ్డాక 1857లో బర్లింగ్టన్‌లో కాలేజీలో చేరాడు.

అక్కడ ఒకే గదిలో ఇంకొక విద్యార్థి ఉండేవాడు. అతను రోజూ మోకరించి ప్రార్థన చేసేవాడు. క్లౌకు అది గిట్టలేదు. ఒకనాడు సుద్దముక్క తీసుకుని గది మధ్య గీత గీశాడు. నీ ప్రార్థనలు గీతకు అవతల చేసుకో, ఇవతలికి రానివ్వకు అన్నాడు. ఆ విద్యార్థి వాదానికి దిగలేదు. తన వైపు తాను మోకరించడం మానలేదు. రోజూ అదే పని. గీతకు ఇవతల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న క్లౌకు చదువు మీద మనసు నిలవకుండా పోయింది. చివరకు ఆయనే గీత దాటి వెళ్ళి పక్కన మోకరించాడు. 1858లో బాప్తిస్మం తీసుకున్నాడు. ప్రసంగాలు విని మారినవాళ్ళు చాలామంది ఉంటారు. క్లౌను మార్చింది మాత్రం పక్కమనిషి నిత్యం చేసిన ప్రార్థనే.

లాయరు చదువు అక్కడితో ఆగింది. 1861లో హారియట్ సండర్లాండ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆ మరుసటి సంవత్సరం డిగ్రీ అయింది. 1864 నవంబరు 30న దంపతులు బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు. స్వదేశంలో సెలవు ముగించుకున్న జూయెట్ దొర కూడా వారితోనే వచ్చాడు. ఓడ చిన్నది, పాతది. సముద్రం మీద నాలుగు నెలలు పట్టింది. 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగి, నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలయింది.

తాళ్ళకొండపాడు పేరయ్య

క్లౌ దొర కథ చెప్పేటప్పుడు యర్రగుంట్ల పేరయ్యను వదిలేస్తే సగం కథ పోయినట్టే. పేరయ్యది ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు. మాదిగ కులస్థుడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. చదువు రాకపోయినా యోగ మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. ఆ చుట్టుపక్కల ఆయన మాటకు విలువ ఉండేది. వ్యాపారానికి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల నోట క్రీస్తు మాట విన్నాడు. ఇన్నాళ్ళు వెతికినది ఇదే అనిపించింది. భార్య నాగమ్మతో కలిసి ఒంగోలు వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు.

ఊరికి తిరిగి పోయి ఊరుకోలేదు. బంధువులకు చెప్పాడు, వ్యాపారం చేసే ఊళ్ళన్నిటా చెప్పాడు. దొరను రమ్మని కబురు పెట్టాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో దిగాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తిండి మూట కట్టుకుని వచ్చి ఆ తోపులోనే ఉండిపోయారు. అయిదు రోజులు విన్నారు, అడిగారు, ప్రార్థన చేశారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ వార్త ఒంగోలు చేరేసరికి చిక్కు వచ్చింది. దొర బడి పెట్టాడని సంతోషించి పిల్లలను పంపిన పెద్ద కులాలవారు, మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు రారన్నారు. ఇది చిన్న మాట కాదు. పెద్దవాళ్ళు ముందు వస్తే ఊరంతా వెనక వస్తుందని అప్పట్లో మిషనరీలలో చాలామంది ఆశ. వాళ్ళను పోగొట్టుకుంటే వచ్చిన పని చెడుతుందేమోనని భయం. పేరయ్య మనుషులను తోసివేస్తే వచ్చిన పనికి అర్థమే లేదు.

క్లౌ తన గదిలోకి పోయి ప్రార్థన చేసి, చేతికందిన కొత్త నిబంధన తెరిచాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, లోకం నీచమని తీసివేసినవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం కంటపడింది. బయటికి వచ్చి భార్యతో చెబితే, అదే వేళకు తన గదిలో పుస్తకం తెరిచిన ఆమెకూ అదే భాగం వచ్చిందట. దాన్ని యాదృచ్ఛికం అనేవాళ్ళు అనుకోవచ్చు. ఆ దంపతులు మాత్రం అక్కడితో తేల్చుకున్నారు. పెద్ద కులాల పిల్లలు బడి మానారు. మాదిగపల్లెల వాళ్ళు ఒంగోలు దారి పట్టారు.

చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినటానికి తేలికే. పల్లెటూరి బతుకు తెలిసినవాళ్ళకు మాత్రం ఇందులో కష్టం అర్థమవుతుంది. జాతరలో డప్పు కొట్టం అంటే ఊరు ఊరుకోదు. కోతల రోజుల్లో ఆదివారం కూలికి రాం అంటే కాపు ఊరుకోడు. కొన్ని ఊళ్ళల్లో కరణాలు, మునసబులు వీళ్ళను కూలికి పిలవనివ్వలేదు, ఊళ్ళోకి రానివ్వలేదు. అబద్ధపు కేసులు పెట్టించిన ఊళ్ళు కూడా ఉన్నాయి. క్లౌ కొన్నిటికి ఉత్తరాలు రాశాడు, కొన్నిటికి అధికారుల దాకా వెళ్ళాడు. దెబ్బలు తిన్నది మాత్రం ఆ పల్లెల వాళ్ళే. అయినా ఏటేటా సంఘం పెరిగింది. పొలం గట్ల మీద, చెప్పులు కుట్టే చోట వాళ్ళు రోజూ చేసుకున్న ప్రార్థనలను ఏ రిజిస్టరూ ఎక్కించుకోలేదు.

పలుగు, పార, తట్ట

1876లో వానలు పోయాయి. దక్షిణ దేశమంతా కరవు. 1878 దాకా అది లక్షలాది మందిని తినేసింది. ఒంగోలు చుట్టుపక్కల పశువులు ముందు చచ్చాయి, తరువాత మనుషులు. గింజ లేక ఆకులూ అలమలూ తిన్నారు. కలరా తోడయింది. ప్రభుత్వం కరవు పనిగా మద్రాసు వైపు నుంచి వచ్చే బకింగ్‌హాం కాలువ తవ్వించసాగింది. ఆ పని చోట్ల పేదవాళ్ళకు దెబ్బలు ఎక్కువ, కూలి తక్కువ అని ఫిర్యాదు. మాదిగ కూలీలను మరీ హీనంగా చూసేవారు.

అప్పుడు క్లౌకు కుర్రతనంలో నేర్చిన సర్వే పని అక్కరకు వచ్చింది. మూడున్నర మైళ్ళ కాలువ తానే కాంట్రాక్టు పట్టాడు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించాడు. వేలమంది పనికి చేరారు. పేరయ్య వంటి బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. కొట్టే మేస్త్రీ కాదు, పక్కన కూర్చుని కష్టసుఖాలు అడిగే మేస్త్రీ. తట్ట దించి సేద తీరే వేళ వాళ్ళు ప్రార్థన చేసేవారు, వాక్యం చెప్పేవారు. ప్రయాసపడి బరువు మోసేవారిని క్రీస్తు దగ్గరికి పిలిచే మత్తయి సువార్త మాట మీద క్లౌ మళ్ళీ మళ్ళీ బోధించాడు. నెత్తిన మట్టి తట్ట ఉన్న మనిషికి ఆ మాట విడమరిచి చెప్పవలసిన పని లేదు.

ఎక్కడెక్కడి పల్లెల వాళ్ళో ఆ మాట విని బాప్తిస్మం ఇమ్మని అడగసాగారు. క్లౌ ఇవ్వలేదు. ఒక్కరికి కూడా ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఆపాడు. కడుపు కాలి వచ్చారా, మనసు మారి వచ్చారా తేల్చుకోకుండా నీళ్ళలోకి దింపితే, కూటి కోసం మతం మార్చాడన్న మాట తనకూ వాళ్ళకూ ఏనాటికీ పోదని ఆయనకు తెలుసు. ఆ పదిహేను నెలల్లో కలరాతో చచ్చిపోయినవాళ్ళూ ఉన్నారు. అడిగినవాళ్ళకు లేదని చెప్పటం ఆ మనిషికి ఎంత బరువయి ఉంటుందో ఊహించుకోవలసిందే. లక్షల మందిని చేర్చాడని పేరు చెప్పుకునేవాళ్ళు ఈ ఆగిన సంగతి తక్కువ చెబుతారు. ఆయన విశ్వాసానికి పెద్ద పరీక్ష అక్కడే జరిగింది.

వెల్లంపల్లి రేవు

1878 జూన్‌లో కరవు డబ్బు పంచటం ఆపేశారు. ఇక సాయం లేదని పల్లెలకు చెప్పించి, సంఘ సభ్యులను మాత్రం వెల్లంపల్లికి తీసుకురమ్మని బోధకులకు రాశాడు. వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరంగా సుమారు పది మైళ్ళు, మద్రాసు రోడ్డు మీద, గుండ్లకమ్మ ఒడ్డున ఉంది. సభ్యులతోపాటు వేలమంది ఇతరులు వచ్చేశారు. క్లౌ ఒక గోడ మీదికి ఎక్కి వాళ్ళ మొహాలు చూస్తూ, ఇవ్వటానికి నా దగ్గర ఏమీ లేదు, తిరిగి పొండి అన్నాడు. వాళ్ళు కదల్లేదు. డబ్బు అడగం, పని చేసి బతుకుతామని మా చేతుల బొబ్బలే చెబుతాయి, బతికినా చచ్చినా క్రైస్తవులుగానే ఉంటాం, కాదంటే ఎట్లా అని వాళ్ళ వాదన.

బోధకులు ఊరివారీగా జనాన్ని కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ విచారించారు. సందేహం ఉన్నవాళ్ళను వెనక్కి పంపారు. జూలై 2న గుండ్లకమ్మలో 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజులకు 3536 మంది. 3వ తేదీన తెల్లవారినప్పటి నుంచి, మిట్టమధ్యాహ్నం కాస్త ఆపి, సాయంత్రం దాకా సాగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. వాళ్ళంతా తెలుగువాళ్ళు. క్లౌ ఆనాడు ఒడ్డునే ఉండి పేర్లూ ఏర్పాట్లూ చూశాడు. జూలై ముగిసేనాటికి ఆరు వారాలలో చేరినవారు 8691 మంది.

అమెరికాలో కొందరు సంతోషించారు, కొందరు అనుమానించారు. అంత తొందరెందుకన్నారు. పదిహేను నెలలు ఆపిన మనిషిని తొందరపడ్డాడనటం న్యాయం కాదు. పంటలు పండి కడుపు నిండాక కూడా ఆ జనం వెనక్కి పోలేదు. అయితే ఒక లోటు నిజం. చేరినవాళ్ళు వేలల్లో, నేర్పేవాళ్ళు పదుల్లో. చాలా పల్లెలకు బడి లేదు, బోధకుడు నెలకొకసారి కూడా రాలేని పరిస్థితి. రామాయపట్నం వేదాంత పాఠశాల కోసం ఆయన 1870ల మొదట్లో అమెరికాలో ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. 1890 ప్రాంతంలో మళ్ళీ అమెరికా వెళ్ళి 25 మంది మనుషులను ఇమ్మని అడిగాడు. కరవులో కాలువ పూర్తయింది గాని ఈ పని మాత్రం ఆయన బతికున్నంత కాలం తెమలలేదు.

ఆయన చివరి ఏళ్ళు సుఖంగా గడవలేదు. ఒంగోలుకు వచ్చిననాటి నుంచి తోడున్న హారియట్ 1893లో చనిపోయింది. మరుసటి ఏడు ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్ళాడాడు. ఆమె మాదిగపల్లెల్లో కూర్చుని వాళ్ళ కథలు, పేరయ్య యోగం సంగతులు విని, చెప్పులు కుట్టేవాళ్ళ పేరుమీదుగా 1899లో ఒక పుస్తకం వేయించింది. ఒంగోలు క్రైస్తవుల పాత సంగతులు ఇప్పటికి కొన్నయినా మిగిలాయంటే ఆ పుస్తకం వల్లనే.

క్లౌ 1910లో ఒంగోలు విడిచి వెళ్ళాడు. ఆ నవంబరు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. 74 ఏళ్ళు. తన జీవితకథను ఆయన ఎమ్మాకు చెప్పి రాయించాడు. అది 1914లో అచ్చయింది. ఒంగోలులో ఆయన పేర ఆసుపత్రి కట్టారు. జూయెట్ దొర పేర చర్చి ఉంది. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ అదే దారిన పారుతోంది. కొత్త సంవత్సరం తెల్లవారుజామున ప్రార్థన కొండ ఎక్కే ఆచారం ఆ అయిదుగురి నాటి నుంచి వచ్చిందే.