బిందువుకు గుర్తు చూపిన డెకార్ట్
గట్టు నుంచి ఇన్ని గజాలు, కాలువ నుంచి ఇన్ని గజాలు అంటే పొలంలో బావి ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇలాంటి ఊహతోనే లెక్కను, బొమ్మను కలిపినవారిలో ప్రముఖులు రెనే డెకార్ట్. 1596లో ఫ్రాన్సులోని లా హే అనే ఊళ్లో జన్మించారు. ఏడాది దాటగానే తల్లి చనిపోయింది. ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో బడిలో పొద్దెక్కి లేవడానికి అనుమతి ఉండేది. ఆ అలవాటు పెద్దయ్యాకా పోలేదు.

1637లో ఆయన క్షేత్రగణిత రచన హాలెండులో అచ్చయింది. ఆ బాటలో తర్వాతివారు బిందువులను అంకెలతోనే కదిలించారు. అడ్డం అంకె గుర్తు మారిస్తే బొమ్మ అద్దంలో నీడలా అవతలికి తిరుగుతుంది. రెండంకెలనూ రెట్టిస్తే భుజాలు రెట్టింపవుతాయి.

1649లో స్వీడన్ రాణి క్రిస్టినా పిలుపుపై వెళ్లారు. గడ్డకట్టే చలిలో తెల్లవారుజాము 5 గంటలకే పాఠం చెప్పవలసి వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బుతో 1650 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. పుట్టిన ఊరికి నేడు ఆయన పేరే ఉంది.