పంజ్రా నుండి గంగ వరకు

ఆనకట్టల నిర్మాతగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని ఎరుగని వారు లేరు. నదిని నిలిపిన ఆ మేధస్సే నదిని దాటించే మార్గాలను కూడా నిర్ణయించిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఆయన వృత్తి జీవితపు ఆరంభంలోనూ, చరమ దశలోనూ దాటవలసిన నది ఒకటి ఎదురైనది.

వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. చిక్కబళ్ళాపురం సమీపాన ముద్దేనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15న శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు ఆయన జన్మించారు. చిన్ననాటనే తండ్రి గతించగా, బెంగుళూరు చేరి, ఒక కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పి ఆశ్రయం పొందుతూ సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులయ్యారు. మైసూరు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో పుణెలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథములుగా ఉత్తీర్ణులయ్యారు.

1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో చేరిన ఆ యువకునికి అప్పగించిన తొలి పనులలో ఒకటి ధూలే ప్రాంతంలోని పంజ్రా నదిపై సైఫన్ నిర్మాణం. కాలువ నీటిని గొట్టాల ద్వారా నది అడుగునుండి ఆవలి గట్టుకు చేర్చే ఈ ఏర్పాటు నీటికి వంతెన వంటిది. వర్షాలకు ఇసుక మేట వేసి పని సాగకపోగా, వానలు తగ్గేవరకు ఆపుదామని ఆయన సూచించారు. పై అధికారి దానిని తప్పించుకొనే యత్నంగా భావించారు. విశ్వేశ్వరయ్య గారు వాదనకు దిగక, ఆ పనిని పూర్తిచేసి చూపారు.

పిమ్మట ఖడక్‌వాస్లా స్వయంచాలక తలుపులు, 1908 మూసీ వరదల అనంతరం హైదరాబాదు రక్షణ పథకం, కృష్ణరాజసాగరం, 1912 నుండి 1918 వరకు మైసూరు దివాను పదవి ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చాయి.

స్వాతంత్ర్యానంతరం బీహారులో గంగపై వంతెన ఎక్కడ కట్టాలన్న ప్రశ్న తలెత్తింది. అంతవరకు అక్కడి ఉభయ తీరాలకు పడవలు, స్టీమర్లే ఆధారం. వరదలలో గట్లు కోసుకొని దారి మార్చే నదిపై స్థల నిర్ణయమే అసలు పరీక్ష. చోటు తప్పితే, కొంతకాలానికి నది ప్రక్కకు తొలగి, వంతెన ఇసుక మీద మిగిలిపోవచ్చును. తొంభై ఏళ్ళు దాటిన వయస్సులో ఆ పరిశీలన భారాన్ని విశ్వేశ్వరయ్య గారు స్వీకరించారు. దాని ఆధారంగానే మొకామా వద్ద, రైలుకూ రోడ్డుకూ కలిపి సుమారు 2 కిలోమీటర్ల వంతెన వెలసింది. 1959లో అది ప్రారంభమైనప్పుడు ఆయన జీవించియే ఉన్నారు.

1955లో భారతరత్న పొందిన ఆ మహనీయుడు 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో పరమపదించారు. మొకామా వంతెనకు రాజేంద్ర సేతువని పేరు. స్తంభాలను చూచేవారికి, అవి అక్కడే ఎందుకు నిలిచాయో కనిపించదు. కంటికి కానరాని ఆ నిర్ణయమే ఇంజనీరు ప్రతిభ. పాఠాలు చెప్పుకొని చదివిన ఒక బాలుడు దానిని సాధించాడని మన విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక.