జార్జ్ బూల్ పంతులుగారు

పదో తరగతి తరువాత లెక్కల భయంతో నేను బైపీసీలో చేరిన సంగతి నా తోటివాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ లెక్కలే జీవశాస్త్ర ప్రయోగశాలలో నన్ను మళ్లీ పట్టుకున్నాయి. వాటితో నాకు రాజీ కుదిర్చినాయన ఒక బడిపంతులు. అందుకే మన స్వర్ణోత్సవ సంచికకు ఆయన కథ రాస్తున్నాను.

జార్జ్ బూల్ 1815లో ఇంగ్లండులోని లింకన్‌లో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. ఇల్లు గడవక బూల్ 16వ ఏటనే పాఠాలు చెప్పడానికి కుదిరారు. 19వ ఏట సొంతంగా బడి పెట్టారు. డిగ్రీ లేదు; పై లెక్కలన్నీ తనంతట తానే నేర్చుకున్నారు. అయినా 1849లో ఐర్లండులోని కార్క్ క్వీన్స్ కాలేజీ ఆయన్ను గణితాచార్యులుగా తీసుకుంది. భార్య మేరీ, మన దేశంలో సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్‌కు సోదరుని కుమార్తె.

1854లో వెలువడిన గ్రంథంలో బూల్ ఆలోచనను బీజగణితంగా మార్చారు. నిజమైతే 1, కాకపోతే 0. మరియు, లేదా, కాదు అనే మాటలే అందులో కూడికలు, గుణకారాల పని చేస్తాయి.

1864లో ఒకరోజు జోరువానలో కాలేజీకి నడిచి వెళ్లి, తడిబట్టలతోనే పాఠం చెప్పారు. జబ్బు ఊపిరితిత్తులకు పాకి డిసెంబరు 8న, 49వ ఏట కన్నుమూశారు. ఐదుగురు ఆడపిల్లల్లో చివరి పాపకు అప్పటికి ఏడాదైనా నిండలేదు.

1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి, స్విచ్‌ల సర్క్యూట్లకు ఈ బీజగణితం చక్కగా అతుకుతుందని చూపారు. రెండు స్విచ్‌లు సిరీస్‌లో ఉంటే రెండూ వేస్తేనే బల్బు వెలుగుతుంది. పారలల్‌లో ఉంటే ఏ ఒక్కటి వేసినా చాలు. జన్యువులూ ఇలా ఆన్, ఆఫ్ అవుతాయని 1961లో ఫ్రాన్సులో జాకబ్, మోనో వివరించారు. ఈ-కోలై బాక్టీరియాలో పాలచక్కెరను అరిగించే జన్యువులు బాగా పనిచేయాలంటే పాలచక్కెర ఉండాలి, గ్లూకోజు ఉండకూడదు. అచ్చంగా బూల్ లెక్క! 1969లో స్టువర్ట్ కౌఫ్‌మన్ జన్యువుల అల్లికనంతా స్విచ్‌ల వలగా లెక్కగట్టారు.

నిజానికి జన్యువు బల్బులా ఠక్కున వెలగదు, ఠక్కున ఆరదు. కానీ ఏది దేన్ని ఆపుతోందో తెలుసుకోవడానికి ఆ 0, 1 మంచి మొదటి మెట్టు. నేనూ ఆ మెట్టు మీదుగానే ఎక్కాను.

లెక్కలకు దడిసి పక్కకు తప్పుకునే పిల్లలు మన బడిలో ఇప్పుడూ ఉంటారు. ఉపాధ్యాయ మిత్రులు వాళ్లకు రెండు స్విచ్‌లు, ఒక బల్బు చూపించి బూల్ పంతులుగారి సంగతి చెప్పాలని నా మనవి. ఆ పాఠం నాకు నలభై ఏళ్లు దాటాక దొరికింది.