హెన్రీ రాయిస్ – ఆఱు సిలిండర్ల యంత్రము

మిర్యాలగూడ మిల్లుల బియ్యమును కోదాడ, సూర్యాపేట మార్గములందు మోయు పెద్ద లారీలలో అనేకము ఆఱు సిలిండర్లు ఒకే వరుసను నిలిచిన యింజనుతో నడచుచున్నవి. విద్యార్థులారా, ఈ యమరికను నమ్మదగినదిగా జేసిన వారిలో హెన్రీ రాయిస్ ముఖ్యుడు. ఆయనయు పిండిమిల్లు నడపినవాని కుమారుడే.

రాయిస్ 1863వ సంవత్సరము మార్చి 27వ తేదీన ఇంగ్లాండులోని ఆల్వాల్టన్ గ్రామమున జన్మించెను. తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. బాలుడు వార్తాపత్రికలమ్మియు, తంతివార్తలు మోసియు కడుపు నింపుకొనెను. బంధువొకతె రుసుము చెల్లింపగా రైల్వే కార్ఖానాలో పని నేర్వసాగెను గాని, మూడేండ్లకు ఆ ధనమును తీఱిపోయెను. ఇట్టివాడు 1884లో మాంచెస్టరునందు విద్యుత్పరికరముల కార్ఖానా స్థాపించెను. 1903లో కొనిన ఫ్రెంచి కారు పనితనము నచ్చక, మఱుసటి యేట తానే యొక కారు నిర్మించెను. చార్లెస్ రోల్స్ వానిని విక్రయింప నంగీకరించెను.

అసలు కష్టము పిమ్మట వచ్చెను. ఆఱు సిలిండర్ల యింజనులో ఒక పిస్టను ఊపును వేఱొకటి అణచును గనుక కుదుపు తక్కువ. కాని క్రాంకుషాఫ్టు పొడవగును. తడిబట్టను పిండినట్లు ప్రతి ప్రేలుడును దానిని మెలిపెట్టును. ఒకానొక వేగమున ఆ మెలి హెచ్చి షాఫ్టు విఱుగును. 1905 నాటి 30 అశ్వశక్తుల కారున జరిగినదిదియే. నాలుగు సిలిండర్లకు మరలుట సులభము. లెక్క తప్పినచో పలక తుడిచివేయు పిల్లలను మేము నిత్యము చూచుచున్నాము, రాయిస్ తుడువలేదు.

1906లో ఆయన మూడేసి సిలిండర్ల దిమ్మలు రెండింటిని ఒకదానికొకటి అద్దములోని ప్రతిబింబమువలె అమర్చెను. షాఫ్టును లావుజేసి ఏడు బేరింగులపై నిలిపి, ఒత్తిడితో నూనె పంపించెను. మెలిని రాపిడిచే అణచు చిన్న చక్రమును షాఫ్టు ముందుకొనకు తగిల్చెను. యింజను పరిమాణము 7,036 ఘన సెంటీమీటర్లు. సిల్వర్ ఘోస్టని పేరొందిన ఆ కారు 1907లో దాదాపు 15,000 మైళ్ల పరీక్షకు నిలిచెను.

ఆ యింజను మన సీమకును వచ్చినది. 1911లో నిజాము మహబూబ్ అలీ ఖాను అట్టి కారొకటి కోరెను. ఆ యేటి ఆగస్టులోనే మరణించుటచే అది కుమారుడు ఉస్మాన్ అలీ ఖానునకు చెందెను. అదే యేట రాయిస్ ఆరోగ్యమును చెడెను. పిమ్మట కార్ఖానాకు దూరముగా, సముద్రతీరపు గ్రామమున నుండి చిత్రపటములు గీచి పంపుచుండెను. 1933 ఏప్రిల్ 22వ తేదీన మరణించెను. కడపటి దినములలో సైతము పడకపైనుండి కారు కుదుపు నణచు పరికరమొకటి గీచెనని చెప్పుదురు.